మురుగునీటిని తేర్చే మొక్కలు

కలక నీళ్ళు పోసే ముందు కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీయడం మన పల్లెల్లో పాత అలవాటు. చెరువు నీరో ఏటి నీరో అందులో పోసి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరి, పైన తేట మిగిలేది. చిల్ల చెట్టునే ఇండుప చెట్టు అని కూడా అంటారు. తూర్పు కనుమల పొడి అడవుల్లో పెరుగుతుంది. సంస్కృతంలో దీని పేరు కతకం. కలక నీటిని తేటపరచే ఏడు పదార్థాల్లో ఒకటిగా సుశ్రుత సంహిత దీన్ని లెక్కించింది. మనుస్మృతిలోనూ, శంకరాచార్యుల రచనగా చెప్పే ఆత్మబోధలోనూ ఇదే గింజ ఉపమానంగా వస్తుంది. ధర్మశాస్త్రకారుడూ వేదాంతీ ఇద్దరూ దాన్ని ఉపమానంగా వాడుకున్నారంటే, ఆ గింజ చేసే పని వినేవాళ్ళందరికీ ముందే తెలిసి ఉండాలి.

మొక్కల గింజల్లో, ఆకుల్లో, బెరడులో, జిగురులో ఉండే ఈ గుణాన్ని ఇప్పుడు తాగునీటితో పాటు మురుగునీటి శుద్ధికీ వాడుకోవాలని అనేక దేశాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. ఇలాంటి పదార్థాలను వృక్షజన్య స్కందనకారులు అంటారు. నీటిలో తేలియాడే సూక్ష్మ కణాలను ఒకదానికొకటి అతుక్కునేలా చేసి, బరువెక్కించి, అడుగుకు దించేదే స్కందనకారి. మన ఇళ్ళలో వాడే పటిక కూడా ఆ కోవకు చెందినదే. కాకపోతే అది ఖనిజ లవణం, ఇవి చెట్టు ఇచ్చేవి.

ఇసుక రేణువు నీటిలో వేయగానే మునుగుతుంది. బంకమట్టి కణం మునగదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే చిన్నవైన కణాలు నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ కదులుతూ రోజుల తరబడి అలాగే ఉండిపోతాయి. పైగా బంకమట్టి, బ్యాక్టీరియా, కుళ్ళిన ఆకుల నుంచి వచ్చిన పదార్థాలు, పిండి, కొవ్వు తుంపరలు అన్నింటి ఉపరితలం మీదా సాధారణంగా రుణావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, దగ్గరకు చేరవు. ఈ వికర్షణను తొలగించడానికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. మొదటిది, ధనావేశం ఉన్న పదార్థాన్ని కలిపి కణాల ఆవేశాన్ని చల్లార్చడం. రెండోది, పొడవాటి గొలుసులాంటి అణువును కలిపి, దాని ఒక చివర ఒక కణాన్నీ మరో చివర ఇంకో కణాన్నీ పట్టుకునేలా చేయడం. దీన్ని వారధి కట్టడం అంటారు. కణాలు కలిసి దూదిపింజల్లాంటి ముద్దలవుతాయి. శుద్ధి కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు వీటిని ఫ్లాక్ అంటారు. మొదట వేగంగా తిప్పడం స్కందనకారి నీరంతటా పరుచుకోవడానికి. తరవాత నెమ్మదిగా తిప్పడం ఫ్లాక్ పెరగడానికి. ఆ తరవాత నీటిని కదపకుండా వదిలేయాలి. పటికకైనా మునగ గింజకైనా క్రమం ఇదే.

ప్రపంచంలో ఎక్కువ శుద్ధి కేంద్రాలు నేటికీ పటిక మీద, ఇనుప లవణాల మీద, పాలీ అల్యూమినియం క్లోరైడ్ మీద నడుస్తున్నాయి. చవక, నమ్మకం, ఎక్కడైనా దొరకడం అందుకు కారణాలు. వాటిని విషమని తిట్టిపోయడం న్యాయం కాదు. నగరాల్లో కలరా, టైఫాయిడ్ తగ్గడంలో స్కందనం, వడపోత, క్లోరిన్ కలిసి చేసిన మేలు చాలా పెద్దది. అయినా వాటి ఇబ్బందులు నిజమైనవే. పటిక నీటిలోని క్షారతను తినేస్తుంది. కలిపిన ప్రతి మిల్లీగ్రాము పటికకూ దాదాపు అర మిల్లీగ్రాము క్షారత ఖర్చవుతుంది, పీహెచ్ పడిపోతుంది, దాన్ని సరిచేయడానికి మళ్ళీ సున్నం కలపాలి. అడుగున చేరే బురద జిగటగా, నీరు వదలకుండా, చాలా పరిమాణంలో వస్తుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ నిండిన ఆ బురదను పొలంలో వేయడం అంత మంచిది కాదు. శుద్ధి చేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగులుతుంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.03 మిల్లీగ్రాము ఆమోదనీయం, వేరే ఆధారం లేనప్పుడు 0.2 దాకా అనుమతి. డయాలిసిస్ రోగులకు అల్యూమినియం హానికరమని వైద్యులకు బాగా తెలుసు. అల్జీమర్స్ వ్యాధికి అల్యూమినియమే కారణమన్న మాట మాత్రం రుజువు కాలేదు, దాన్ని ప్రచారానికి వాడుకోవడం సరికాదు. మోతాదు తప్పితే ఏమవుతుందో 1988 జులైలో ఇంగ్లండులోని కామెల్‌ఫర్డ్ ప్రాంతం చూసింది. అక్కడి శుద్ధి కేంద్రంలో దాదాపు 20 టన్నుల అల్యూమినియం సల్ఫేటును పొరపాటున వేరే ట్యాంకులో పోయడంతో అది నేరుగా ఇళ్ళ కొళాయిల్లోకి వెళ్ళింది.

మునగ గింజలో ఉన్నదేమిటి?

వృక్షజన్య స్కందనకారుల్లో ఎక్కువ పరిశోధన జరిగింది మునగ మీదే. హిమాలయాల పాదాల నుంచి బయల్దేరి ఆఫ్రికా, లాటిన్ అమెరికా దాకా పాకిన ఈ చెట్టును మన వాళ్ళు కాయకోసం, ఆకుకోసం పెంచారు. నీటిని తేర్చే గుణాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది సూడాన్ ఆడవాళ్ళు. వరద కాలంలో నైలు నది నీరు బురదగా మారినప్పుడు వాళ్ళు మునగ గింజల పొడిని కలిపి నీటిని తేటపరుచుకునేవారు. జర్మన్ పరిశోధకురాలు సామియా అల్ అజారియా యాన్ సూడాన్‌లో ఏళ్ళ తరబడి ఉండి ఈ పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించారు. ఉష్ణమండల దేశాల సంప్రదాయ నీటి శుద్ధి మీద ఆమె రాసిన పుస్తకం 1981లో వెలువడింది. ఆ తరవాతి పరిశోధకుల్లో చాలామందికి అదే ఆధారం.

ఇంట్లో చేసే పద్ధతి తేలిక. చెట్టు మీదే ఎండిన కాయల గింజలు తీసుకోవాలి. కూరకు కోసే పచ్చికాయ గింజలో ఈ గుణం ఉండదు. పైపొట్టు తీసి, లోపలి తెల్లటి పప్పును మెత్తగా దంచి, కొద్దిపాటి నీటిలో కలిపి, గుడ్డలో వడగట్టాలి. పాలలా వచ్చే ఆ ద్రవాన్ని కలక నీటిలో పోసి, ఒక నిమిషం వేగంగా, ఐదు పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు వదిలేస్తే మట్టి దిగుతుంది. మోతాదు కలకను బట్టి మారుతుంది. కలకను ఎన్‌టీయూ అనే ప్రమాణంలో కొలుస్తారు. 50 ఎన్‌టీయూ లోపు నీటికి లీటరుకు 10 నుంచి 50 మిల్లీగ్రాములు, 150 దాటిన నీటికి 50 నుంచి 200 మిల్లీగ్రాములు అన్నది స్థూలమైన లెక్క.

ఇంటి కుండలో అయ్యే పని ఊరికి సరిపడా అవుతుందా అన్నది తరవాత వచ్చిన ప్రశ్న. ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్ ఫోకార్డ్, జాన్ సదర్లాండ్ 1990ల మొదటి ఏళ్ళలో ఆఫ్రికా దేశం మలావీలోని థ్యోలో శుద్ధి కేంద్రంలో దీన్ని పరీక్షించారు. పటిక స్థానంలో మునగ గింజల ద్రావణం వాడితే, వందల ఎన్‌టీయూల కలకతో వచ్చిన నది నీరు వడపోత తరవాత 4 ఎన్‌టీయూ కంటే దిగువకు వచ్చింది. మన ప్రమాణంలో అనుమతించిన గరిష్ఠం 5. పాత కేంద్రంలో పెద్ద మార్పులేవీ చేయకుండానే ఇది సాధ్యమైందన్నది ఆ ప్రయోగంలో గమనించాల్సిన విషయం.

గింజలో ఈ పని చేసేదేమిటో 1995లో స్పష్టమైంది. కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయంలో న్దబిగెంగెసెరె, సుబ్బ నరసయ్య, టాల్బో కలిసి చేసిన పరిశోధనలో అది నీటిలో కరిగే ప్రొటీన్ అని, దాని మీద ధనావేశం ఉంటుందని, అణుభారం 13 కిలోడాల్టన్ల దరిదాపుల్లో ఉంటుందని తేలింది. అదే ఏడాది జర్మనీ పరిశోధకులు అలాంటి మరో చిన్న ప్రొటీన్‌ను వేరుచేసి, అందులోని 60 అమైనో ఆమ్లాల వరుసను గుర్తించారు. పీహెచ్ 10 దాకా ఈ ప్రొటీన్లకు ధనావేశం ఉంటుంది. మామూలు నీటి పీహెచ్ 6 నుంచి 8.5 మధ్య ఉంటుంది కాబట్టి, రుణావేశపు మట్టి కణాలను అవి ఎక్కడైనా పట్టేస్తాయి. పటికలాగా క్షారతను తినవు, పీహెచ్‌ను దాదాపు కదపవు. షెర్‌బ్రూక్ పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది. మునగతో వచ్చే బురద పరిమాణం పటిక బురదలో నాలుగో వంతుకో ఐదో వంతుకో పరిమితమవుతుంది. శుద్ధి కేంద్రం నడిపేవాళ్ళకు ఇది చిన్న లాభం కాదు. బురదను ఆరబెట్టడం, ఎత్తడం, తరలించడం వాళ్ళ ఖర్చులో పెద్ద పద్దు.

మరో మలుపు జపాన్‌లో వచ్చింది. మంచినీటికి బదులు ఉప్పునీటితో గింజల సారం తీస్తే ప్రొటీన్లు ఎక్కువగా కరిగి వస్తాయని ఒకుడా బృందం 1999లో చూపింది. అంతే కలకను దించడానికి కావలసిన మోతాదు ఏడింతలకు పైగా తగ్గింది. మనకు తెలిసిన ఉప్పే గింజల ఖర్చును ఇంతగా తగ్గించడం ఈ రంగంలో వచ్చిన ఉపయోగకరమైన ఫలితాల్లో ముఖ్యమైనది.

మునగ దోషాలను దాచకూడదు. గింజలో ప్రొటీన్ ఒక్కటే ఉండదు. నూనె, పిండి, ఇతర సేంద్రియ పదార్థాలు కూడా నీటిలో కలుస్తాయి. కలక దిగుతుంది గానీ కరిగిన సేంద్రియ కార్బన్ పెరుగుతుంది. ఒకటి రెండు రోజులు నిల్వ ఉంచితే నీరు వాసన వేస్తుంది. సూడాన్‌లో మ్యాడ్సెన్ తదితరులు 1987లో ప్రచురించిన ఫలితాల్లో, మొదటి గంట రెండు గంటల్లో బ్యాక్టీరియా 90 నుంచి 99.99 శాతం దాకా ఫ్లాక్‌తో పాటు దిగిపోయింది. తరవాత, ఆహారం దొరికింది కాబట్టి, మళ్ళీ పెరిగింది. తేటగా ఉన్న నీరు సురక్షితమైన నీరు అనుకోవడం ప్రమాదమని ఈ ఒక్క ఫలితం చాలు చెప్పడానికి. క్లోరిన్ వేద్దామన్నా, మిగిలిన సేంద్రియ పదార్థం దాన్ని తినేస్తుంది, అవాంఛిత ఉపఫలాలను పుట్టిస్తుంది. కలక తక్కువగా ఉన్న నీటిలో మునగ సరిగా పనిచేయదు కూడా.

ఈ చిక్కును విప్పడానికి స్వీడన్‌లోని కేటీహెచ్ సంస్థలో గెబ్రెమైకేల్ తదితరులు అయాన్ మార్పిడి పద్ధతితో ప్రొటీన్‌ను మాత్రం వేరుచేసే తేలిక విధానాన్ని 2005లో ప్రకటించారు. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో స్టెఫనీ వెలెగోల్ బృందం ఇంకా సులువైన దారి పట్టింది. ఇసుక రేణువుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి మునగ ప్రొటీన్ వాటికి అంటుకుంటుంది. మునగ సారంలో ఇసుకను తిప్పి, కడిగేస్తే ప్రొటీన్ ఇసుకకు పట్టి ఉంటుంది, చెడిపోయే మిగతా పదార్థమంతా కడుగునీటితో పోతుంది. ఆ ఇసుక గుండా నీటిని పంపితే మట్టి కణాలను పట్టుకోవడంతో పాటు బ్యాక్టీరియాను చంపుతుంది. 2012లో ప్రచురించిన ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు.

చిల్లగింజ తీరు వేరు. 1970లలో మన దేశంలోనే త్రిపాఠి, చౌధురి, బొకిల్ దీన్ని పరీక్షించారు. చిల్లగింజ సారంలోని పొడవాటి అణువులు రుణావేశంతోనే ఉంటాయి, అయినా వారధి కట్టి కణాలను కలుపుతాయి. పటికకు తోడుగా వేస్తే పటిక అవసరం తగ్గుతుంది. దీనికి బంధువైన ముష్టి చెట్టు గింజల్లో స్ట్రిక్నిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. రెండూ ఒకే ప్రజాతి. అడవి నుంచి గింజలు సేకరించే పని పెద్ద ఎత్తున మొదలైతే ఈ రెండింటినీ పొరబడకుండా చూసుకోవడం ప్రాణావసరం.

జిగురు, బెరడు

బెండకాయ కోసినప్పుడు చేతికి అంటే జిగురు, నానబెట్టిన మెంతుల చుట్టూ చేరే జిగురు, ఇసబ్‌గోల్ పొట్టు నీటిలో ఉబ్బి ఇచ్చే జిగురు, ఇవన్నీ పొడవాటి చక్కెర గొలుసులు. ఉత్తర భారతంలో బెల్లం వండేవాళ్ళు చెరకు రసంలోని మడ్డిని పైకి తేల్చి తీసేయడానికి బెండ మొక్కల జిగురు వాడుతూ వచ్చారు. మడుగులోని మురుగుకూ పెనంలోని రసానికీ వర్తించే సూత్రం ఒక్కటే. కాన్పూర్‌లో అనురాధా మిశ్రా, రజనీ శ్రీనివాసన్ తదితరులు 2000 దశకం మొదట్లో బెండ, మెంతి, ఇసబ్‌గోల్ జిగుళ్ళను పట్టణ మురుగు మీద, తోళ్ళ పరిశ్రమ వ్యర్థజలం మీద పరీక్షించారు. కాన్పూర్ జాజ్‌మావ్ తోళ్ళ కార్ఖానాలు గంగకు చేసిన హాని దేశమంతటికీ తెలిసిందే కాబట్టి ఆ నీటినే ఎంచుకోవడం అర్థవంతం. చాలా తక్కువ మోతాదులోనే తేలియాడే ఘనపదార్థం పెద్ద భాగం దిగింది. అదే రజనీ శ్రీనివాసన్ తరవాత టెక్సస్‌లోని టార్ల్‌టన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి ఈ జిగుళ్ళను మైక్రోప్లాస్టిక్ కణాల మీద వాడి చూశారు. 2025లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం సముద్రపు నీటికి బెండ, భూగర్భ జలానికి మెంతి బాగా పనిచేశాయి. నీటిలోని లవణాలు మారితే తగిన మొక్కా మారుతుందన్నమాట.

నాగజెముడు జాతి మొక్కల జిగురు కూడా ఈ కోవదే. లాటిన్ అమెరికా పల్లెల్లో కలక నీటిని తేర్చడానికి ఆ జిగురు వాడకం ఉంది. 2008లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో ఇది కలకను 98 శాతం దాకా తగ్గించింది, క్షార గుణం ఉన్న నీటిలో బాగా పనిచేసింది. చింతగింజల పిండి, గోరుచిక్కుడు జిగురు, సగ్గుబియ్యం తీసే కర్రపెండలం పిండి మీదా ప్రయోగాలున్నాయి. సెర్బియాలో మరీనా ష్చిబాన్ బృందం చెస్ట్‌నట్, సిందూర వృక్షాల గింజలతో ప్రయత్నించింది. చలిదేశాల వాళ్ళకు మునగ దొరకదు, దొరికిన గింజతోనే వాళ్ళు మొదలుపెట్టారు.

పరిశోధనశాల దాటి నిజంగా వాణిజ్య సరుకుగా నిలబడినది మాత్రం బెరడు. ఆస్ట్రేలియా మూలమైన నల్ల వాటిల్ తుమ్మను దక్షిణ బ్రెజిల్‌లో తోటలుగా పెంచుతారు. మన నీలగిరుల్లోనూ ఆ చెట్లున్నాయి. దాని బెరడు నుంచి తీసే టానిన్ తోళ్ళు ఊనడానికి వాడేది. మన దగ్గర తంగేడు పట్ట, తుమ్మ చెక్క, కరక్కాయ ఆ పనికి వాడేవాళ్ళు. బ్రెజిల్‌లోని టనాక్ కంపెనీ ఆ టానిన్‌కు రసాయనిక చర్యతో ధనావేశం కల్పించి టాన్‌ఫ్లాక్ పేరుతో అమ్ముతోంది. తాగునీటి కేంద్రాలూ పరిశ్రమలూ దాన్ని కొంటున్నాయి. స్పెయిన్‌లోని ఎస్త్రెమదూర విశ్వవిద్యాలయంలో బెల్త్రాన్ ఎరేదియ, సాంచెస్ మార్తిన్ దీన్నీ మునగనూ అద్దకం రంగుల మీద, డిటర్జెంట్ల మీద విస్తృతంగా పరీక్షించారు. అయితే టానిన్‌కు ధనావేశం తేవడానికి ఫార్మాల్డిహైడ్, అమ్మోనియం క్లోరైడ్ లాంటివి కావాలి. మూలం చెట్టే అయినా చేతికొచ్చే సరుకు సగం రసాయన పరిశ్రమది. సహజమన్న ఒక్క మాట చూసి సరుకు కొనేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి.

ఏ మురుగుకు పనికొస్తుంది?

ఈ విషయం మీద వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం ఒక తప్పు చేస్తాయి. కలక తగ్గిన శాతం చూపి, కాలుష్యం పోయినట్టే రాస్తాయి. మురుగులో రెండు రకాల కాలుష్యం ఉంటుంది. తేలియాడేది ఒకటి, కరిగి ఉన్నది ఇంకొకటి. స్కందనకారి ప్రధానంగా మొదటి దానికే మందు.

తిరుప్పూర్ అద్దకం కార్ఖానాలను చూస్తే ఇది అర్థమవుతుంది. నొయ్యల్ నదిని పాడుచేసినందుకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. ఆ నీటిలో రంగు కంటికి కనిపించే బెడద. పొలాలను చంపింది మాత్రం అద్దకానికి వాడిన ఉప్పు. మునగ ప్రొటీన్ రుణావేశం ఉన్న రంగులను పట్టుకుని దించగలదు. ఉప్పును అది ముట్టుకోలేదు. కరిగిన ఉప్పుకు రివర్స్ ఆస్మాసిస్, ఆవిరి చేసే యంత్రాల్లాంటివి తప్ప దారి లేదు. మన పటాన్‌చెరులో ఇంకా తీవ్రమైన ఉదాహరణ ఉంది. మందుల కంపెనీల వ్యర్థజలాన్ని కలిపి శుద్ధి చేసే అక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అలాంటి నీటికి గింజల పొడిని పరిష్కారంగా చూపించడం అక్కడి చెరువుల కింద బతికే రైతులకు అన్యాయం చేయడమే. ఆ పని కార్ఖానా లోపలే, మూలంలోనే జరగాలి.

తేలియాడే సేంద్రియ పదార్థం నిండిన మురుగు సంగతి వేరు. పాల డెయిరీలు, కబేళాలు, పిండి మరలు, కాగితపు మిల్లులు, పామాయిల్ మిల్లులు, చిన్న పట్టణాల మురుగు ఆ కోవలోవి. వీటిలో పామాయిల్ మీద జరిగిన పని తెలుగువాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సింది. ఒక టన్ను గెలలు ఆడితే అర టన్ను నుంచి ముప్పావు టన్ను దాకా చిక్కటి గోధుమరంగు వ్యర్థజలం వస్తుంది. దాని సేంద్రియ కాలుష్యాన్ని సూచించే జీవరసాయన ఆక్సిజన్ గిరాకీ, అంటే బీఓడీ, లీటరుకు 25,000 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. మామూలు పట్టణ మురుగుకు అది కొన్ని వందలే. కాలువలో వదిలే నీటికి మన దేశంలో సాధారణ పరిమితి 30. మలేషియా సైన్స్ విశ్వవిద్యాలయంలో భాటియా బృందం నూనె తీసేసిన మునగ గింజల పిండిని ఈ నీటి మీద వాడి 2007లో ఫలితాలు ప్రచురించింది. తేలియాడే ఘనపదార్థంలో 95 శాతం దిగిపోయింది. కాలుష్యానికి మరో కొలమానమైన రసాయన ఆక్సిజన్ గిరాకీ 52 శాతం తగ్గింది. మిగిలిన సగం కరిగి ఉన్నది. దాన్ని బ్యాక్టీరియాకు అప్పగించి గ్యాసుగా మార్చాలి. స్కందనం ముందే జరిగింది కాబట్టి ఆ తరవాతి ట్యాంకుల మీద భారం తగ్గుతుంది.

ఆ ప్రయోగంలో నూనె తీసేసిన పిండి వాడారన్నది ముఖ్యం. మునగ గింజ పప్పులో మూడో వంతుకు పైగా మంచి నూనె ఉంటుంది. నూనెను వంటకో సౌందర్య సాధనాలకో అమ్ముకోవచ్చు. గానుగలో మిగిలిన తెలకపిండిలో స్కందన గుణం అలాగే ఉంటుంది, నీటిలో నూనె కలిసే బాధ కూడా తగ్గుతుంది. గింజను నేరుగా నీటిలో పోస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. తెలకపిండిని వాడితేనే లెక్క కుదురుతుంది.

లెక్క వేసి చూడాల్సిందే. లీటరుకు 100 మిల్లీగ్రాముల మోతాదు అనుకుంటే రోజుకు 10 లక్షల లీటర్ల నీటికి 100 కిలోల పొడి కావాలి. కోటి లీటర్ల పట్టణ కేంద్రానికి రోజుకు టన్ను, ఏడాదికి 365 టన్నులు. గింజ పంట ఏడాది పొడుగునా రాదు. నిల్వ ఉంచితే గింజ గుణం క్రమంగా తగ్గుతుంది. కలిపిన ద్రావణాన్ని తాజాగా వాడాలి. ఒక తోట గింజకూ మరో తోట గింజకూ ప్రొటీన్ శాతం తేడా ఉంటుంది కాబట్టి, పటికలాగా బస్తా మీద రాసిన అంకెను నమ్మి మోతాదు వేయడం కుదరదు. ప్రయోగశాల ఫలితాలు వేలల్లో ఉన్నా, టాన్‌ఫ్లాక్ లాంటి కొన్ని సరుకులు తప్ప మార్కెట్లో నిలబడకపోవడానికి అసలు కారణాలు ఇవే. తినే పంటను మురుగుకు మళ్ళించడం గురించి వచ్చే అభ్యంతరానికి కూడా విలువ ఉంది. అందుకే తెలకపిండి, చింతగింజలు, విత్తనానికి పనికిరాని ముదురు గింజలు, పిండి మరల వ్యర్థాలు ముందు చూడాలి.

బురద విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మొక్కల స్కందనకారితో వచ్చిన బురద కుళ్ళే గుణం కలది, లోహపు ఉప్పు లేనిది. డెయిరీ నుంచో పామాయిల్ మిల్లు నుంచో వస్తే ఎరువుగా మార్చవచ్చు, గ్యాసు ట్యాంకులో వేయవచ్చు. తోళ్ళ కార్ఖానా నుంచి వస్తే అందులో క్రోమియం ఉంటుంది. అద్దకం నుంచి వస్తే రంగులుంటాయి. ఆ బురద ప్రమాదకర వ్యర్థమే, దించిన గింజ ఏదైనా సరే.

పామాయిల్ సాగులో దేశంలో ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. అశ్వారావుపేట చుట్టూ మిల్లులున్నాయి, కొత్త జిల్లాలకు తోటలు విస్తరిస్తున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ మునగ మెట్టసాగుకు తెలిసిన పంటే. తమిళనాడులోని పెరియకుళంలో రూపొందిన పీకేఎం-1 రకం ఏడాదిలోపే కాపుకొస్తుంది. మిల్లు వ్యర్థజలానికి మునగ తెలకపిండిని పరీక్షించడానికి ఇంతకంటే అనువైన చోటు దేశంలో దొరకదు. అందుకు కావలసిన తొలి పరికరం ఆరు బీకర్లూ తిప్పే రెక్కలూ ఉన్న జార్ టెస్ట్ యంత్రం. ఇంజనీరింగ్ కాలేజీల పర్యావరణ ప్రయోగశాలల్లో అది ఉంటుంది. ఒకే నీటిని ఆరింటిలో పోసి, ఒక్కో దానిలో ఒక్కో మోతాదు వేసి, తేట నీటి కలకతో పాటు కరిగిన సేంద్రియ పదార్థం, బురద పరిమాణం, అది ఆరడానికి పట్టే సమయం కూడా కొలవాలి. మిల్లు నీటిలో నూనె, పీచు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు కాబట్టి, గెలలు ఎక్కువగా వచ్చే నెలల్లోనూ తగ్గే నెలల్లోనూ విడివిడిగా ఈ పరీక్ష చేయాల్సి ఉంటుంది.